కాన్‌బాన్ కార్డులు: టయోటా పద్ధతిని చిన్న యూనిట్‌లో పెట్టుకోవడం ఎలా?

పెద్ద కంపెనీల మేనేజ్‌మెంట్ సూత్రాల గురించి ఎంత చదివినా చివరికి అందరూ అడిగేది ఒకటే: "ఇవన్నీ వేలమంది పనిచేసే చోట కుదురుతాయి, పదిహేను మందితో నడిచే మా షెడ్డులో ఏం చేయాలి?" సూత్రాలన్నీ ఒకేసారి నెత్తికెత్తుకోవద్దు. పనికొచ్చే పరికరం ఒక్కటి తెచ్చుకోండి చాలు. టయోటా నుంచి తెచ్చుకోదగ్గ వాటిలో చవకైనది, త్వరగా ఫలితం చూపేది కాన్‌బాన్ కార్డు, అంటే వాడిన సరుకుని మళ్లీ తెప్పించమని చెప్పే చీటీ. ఖర్చల్లా కాగితం, లామినేషన్, కొన్ని మేకులు.

నేపథ్యం రెండు ముక్కల్లో. 1950లో టయోటా దివాలా అంచు దాకా వెళ్లింది. ఉద్యోగాల కోతలు, సమ్మె, చివరికి వ్యవస్థాపకుడు కీచీరో టయోడా రాజీనామా. సరుకు రూపంలో డబ్బు ఇరుక్కుపోతే ఏమవుతుందో ఆ కంపెనీకి అప్పుడే తెలిసొచ్చింది. ఆ రోజుల్లో మెషిన్ షాపు చూసుకుంటున్న తైచీ ఓనో, అమెరికన్ సూపర్‌మార్కెట్ల పద్ధతిని షాపులోకి తెచ్చాడు. కొనేవాడు అరలోంచి ఎంత తీసుకెళ్తే అంతే మళ్లీ నింపాలి. ఎంత తీశారో చెప్పడానికే కార్డు. ఇక్కడికి థియరీ అయిపోయింది.

లెక్కలు అర్థమవడానికి, బోరు మోటార్లకు స్టార్టర్ ప్యానెళ్లు బిగించే యూనిట్‌ని ఉదాహరణగా తీసుకుందాం. రోజుకు 12 ప్యానెళ్లు, ఒక్కో ప్యానెల్‌కి ఒక కాంటాక్టరు (మోటారుకి కరెంటు కలిపి, తెంపే స్విచ్చు), 18 లగ్గులు (వైరు కొసకి నొక్కి బిగించే లోహపు ముక్కలు). మీది బేకరీ అయినా, ప్రింటింగ్ ప్రెస్ అయినా, గ్రిల్స్ చేసే షాపు అయినా లెక్క మారదు.

కావలసినవి

- గత నాలుగు వారాల కొనుగోలు బిల్లులు, ఉత్పత్తి లెక్క. కంప్యూటర్‌లో లేకపోతే నోటుపుస్తకం చాలు.
- దళసరి కాగితం (ఏ4 షీటుని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక కార్డు), లామినేషన్, పంచింగ్ మెషిన్.
- మూత, తాళం లేని రేకు డబ్బా ఒకటి. విప్పిన కార్డులు వేయడానికి.
- మేకులు కొట్టిన చెక్క బోర్డు, మూడడుగుల వెడల్పుది.
- ముందు నుంచీ వెనక నుంచీ చెయ్యి పట్టే ర్యాకు. గోడకి ఆనించిన ర్యాకైతే 5వ మెట్టులోని ప్రత్యామ్నాయం చూడండి.
- స్టోర్ చూసే మనిషి ఒకరు, ఆయన సెలవు పెడితే చూసేవాళ్లు ఇంకొకరు. ఈ రెండో మనిషి పేరు ముందే రాసి పెట్టకపోతే మొదటి పెళ్లిళ్ల సీజన్లోనే పద్ధతి ఆగిపోతుంది.

1. వస్తువులు ఎంచుకోండి. మొదట ఐదు చాలు

ఉన్న సరుకంతటికీ కార్డులు కట్టాలనుకోవడం అందరూ చేసే మొదటి పొరపాటు. ఎంచుకున్న వస్తువు రోజూ వాడేది, వాడకం పెద్దగా ఎగుడుదిగుడులు లేనిది, వారం లోపు దొరికేది అయ్యుండాలి. కస్టమర్ అడిగితేనే కొనే స్పెషల్ ఐటమ్స్‌కి కార్డు వద్దు. ఇంకెక్కడినుంచో ఓడలో రావలసిన వాటికీ వద్దు.

ఇందులో రెండు రకాలుంటాయి. కాంటాక్టరు, ఓవర్‌లోడ్ రిలే, ఎంసీబీ లాంటి ఖరీదైన వాటికి బాక్సుకో కార్డు. లగ్గులు, స్క్రూలు, టేపు రోల్స్ లాంటి చిల్లర సరుకుకి రెండు డబ్బాల పద్ధతి (4వ మెట్టు చివర ఉంది). చిల్లర సరుకుకి బాక్సుకో కార్డు కడితే పనికంటే కార్డుల గోల ఎక్కువవుతుంది.

2. వాడకం, రాక: రెండూ నిజంగా కొలవండి

రోజు వాడకం తేలికే. నాలుగు వారాల మొత్తాన్ని పని రోజులతో భాగించండి. అయితే కొన్న లెక్క తీసుకోవద్దు, వాడిన లెక్కే తీసుకోండి. ఒకేసారి 200 కాంటాక్టర్లు అదనంగా కొన్న నెలలో కొనుగోలు లెక్క చూస్తే వాడకం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.

సరుకు వచ్చే వ్యవధి దగ్గరే నూటికి తొంభై మంది తప్పుతారు. "ఆర్డర్ చెప్తే రెండ్రోజుల్లో వస్తుంది సార్" అని డీలర్ చెప్పేది సగమే. మీకు కావలసింది కార్డు విప్పిన నిమిషం నుంచి కొత్త బాక్సు ర్యాకు మీదికి వచ్చే దాకా పట్టే సమయం. అందులో ఇవన్నీ ఉంటాయి:

- ఆర్డర్ పెట్టే రోజు దాకా కార్డు ఆగే సమయం. సోమ, గురువారాల్లో మాత్రమే ఆర్డర్ పెడితే, ఆదివారం సెలవు పోను, ఎక్కువలో ఎక్కువ 3 పని రోజులు.
- డీలర్ పంపడానికి, ట్రాన్స్‌పోర్ట్‌కి 2 రోజులు.
- దిగిన సరుకు లెక్క చూసుకోకుండా గేటు దగ్గరే పడి ఉండే సమయం. ఇది సున్నా అయ్యేలా చూసుకోవాలి. చాలా చోట్ల ఒక రోజు ఇక్కడే పోతుంది.

మన ఉదాహరణలో 3 + 2 = 5 పని రోజులు. ఐదారు పాత బిల్లులు తీసి ఆర్డర్ తేదీ, చేరిన తేదీ పక్కపక్కన రాయండి. సగటు వేయకండి, అన్నిటికన్నా ఆలస్యమైనదే తీసుకోండి. పండగ వారంలో వచ్చిన ఒక్క బిల్లుని మాత్రం వదిలేయొచ్చు.

3. బాక్సు సంఖ్య ఖాయం చేయండి

ఒక కార్డు అంటే ఒక బాక్సు, ఆ బాక్సులో ఎప్పుడూ ఒకే సంఖ్య. కాంటాక్టర్లు డీలర్ ప్యాకింగ్‌లోనే 10 చొప్పున వస్తే అదే ఉంచండి. విడిగా వస్తే మీరే 10 చొప్పున ట్రేలో సర్దండి. "దీంట్లో 8, దాంట్లో 12" అన్నారంటే ఆ రోజు నుంచే లెక్క తప్పుతుంది.

4. ఎన్ని కార్డులు?

టయోటా వాడే సూత్రమే ఇది:

కార్డుల సంఖ్య = రోజు వాడకం × రోజులు × (1 + జాగ్రత్త శాతం) ÷ బాక్సులో సంఖ్య

కాంటాక్టర్లకి: 12 × 5 = 60. జాగ్రత్తకి 20 శాతం కలిపితే 72. 10తో భాగిస్తే 7.2. ఎప్పుడూ పైకే సరిచేయాలి కాబట్టి 8 కార్డులు.

దీనర్థం ర్యాకు మీద ఎప్పుడూ 80 కాంటాక్టర్లు ఉంటాయని కాదు. కొన్ని కార్డులు డబ్బాలో ఉంటాయి, కొన్ని ఆర్డర్‌లో ఉంటాయి. బండి రావడానికి ముందు రోజు ర్యాకు మీద రెండో మూడో బాక్సులే కనిపిస్తాయి. ఓనర్లు సరిగ్గా అక్కడే కంగారుపడి ఫోన్ తీసి ఇంకో 50 ఆర్డర్ పెట్టేస్తారు. పద్ధతి పాడయ్యేది సాధారణంగా ఆ ఫోన్‌తోనే. రెండు బాక్సులు కనిపించడం లోటు కాదు, లెక్క సరిగ్గా నడుస్తోందనడానికి గుర్తు.

జాగ్రత్త శాతం మొదట్లో 20 పెట్టుకోండి. డీలర్ మాట మీద నిలబడేవాడు కాకపోతే 40 దాకా వెళ్లొచ్చు. అంతకన్నా ఎక్కువ అవసరమైతే కార్డులు పెంచడం కాదు, ఇంకో డీలర్‌ని చూసుకోవాలి.

చిల్లర సరుకుకి రెండు డబ్బాల లెక్క: లగ్గులు రోజుకు 12 × 18 = 216. ఐదు రోజులకి 1,080, 20 శాతం కలిపితే 1,296. వందేసి ప్యాకెట్లు 13. ఒక డబ్బాలో 13, వెనక డబ్బాలో 13. ముందు డబ్బా ఖాళీ అవగానే వెనకది ముందుకి లాగి, దాని మూతకి కట్టిన కార్డు విప్పి రేకు డబ్బాలో వేయాలి. లగ్గులు లెక్కపెట్టాల్సిన అవసరమే ఉండదు. ఒకే డబ్బా పెట్టుకుని, అడుగున గీత గీసి "గీత కనిపిస్తే చెప్పండి" అనే పద్ధతి కూడా ఉంది. అది వద్దు. గీత అందరికీ కనిపిస్తుంది, చెప్పేవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు.

5. కార్డు రాయండి, ర్యాకు సర్దండి

కార్డు మీద ఉండాల్సినవి: వస్తువు పేరు (షాపులో వాళ్లు పిలిచే పేరే పెద్ద అక్షరాల్లో, కంపెనీ కోడ్ కింద చిన్నగా), బాక్సులో సంఖ్య, ర్యాకు చిరునామా, డీలర్ పేరు, "8లో 3వ కార్డు" అని వరస నంబరు. ఈ వరస నంబరు చాలామంది వదిలేస్తారు. కార్డు పోయిందన్న సంగతి దాంతోనే తెలుస్తుంది, అందుకే తప్పనిసరి. డీలర్‌కో రంగు కార్డు పెట్టుకుంటే ఆర్డర్ రోజు వేరు చేయడం తేలిక. ధర రాయకండి, మారినప్పుడల్లా లామినేషన్ మళ్లీ చేయించాలి.

ర్యాకులో ప్రతి వస్తువుకీ ఒకే చోటు, దానికి చిరునామా: వరస, అర, గడి. కొత్త బాక్సులు వెనక నుంచి పెట్టాలి, పనివాళ్లు ముందు నుంచి తీయాలి. ర్యాకు గోడకి ఆనుకుని ఉంటే ఎడమ నుంచి తీసి కుడి వైపు నింపండి, నేల మీద బాణం గుర్తు వేయండి. ఇది చేయకపోతే పాత సరుకు వెనకే మురుగుతుంది. రబ్బరు గ్యాస్కెట్లు, టేపులు, బేకరీలో ఈస్ట్ లాంటి వాటికి ఇది చాలా ముఖ్యం.

6. కార్డు ఎప్పుడు విప్పాలి?

బాక్సులోంచి మొదటి పీసు తీసినప్పుడే. ఖాళీ అయ్యాక కాదు.

పై లెక్క మొదటి పీసుని బట్టి వేసిందే. ఖాళీ అయ్యాక విప్పే అలవాటే కావాలనుకుంటే ఒక కార్డు అదనంగా కలపండి. సగం మంది ఒకలా, సగం మంది ఇంకోలా చేస్తే మాత్రం ఏ లెక్కా నిలవదు. రేకు డబ్బా ర్యాకు పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. పది అడుగులు నడవాల్సి వస్తే కార్డు చొక్కా జేబులోకి వెళ్తుంది, అక్కణ్నుంచి ఇంటికి, ఇంట్లో వాషింగ్ మెషిన్‌లోకి.

7. ఆర్డర్ రోజు

సోమ, గురువారాల్లో, ఉదయం 10 గంటలకి (సమయం ఏదైనా ఫర్వాలేదు, మారకూడదు) స్టోర్ మనిషి రేకు డబ్బా ఖాళీ చేసి, డీలర్ల వారీగా కార్డులు వేరు చేసి, బల్ల మీద పరిచి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాలి. ఎన్ని కార్డులుంటే అన్ని బాక్సులు, అంతే. "ఎలాగూ పంపుతున్నాం కదా, ఇంకో రెండు" అనకూడదు. డబ్బాలో కార్డు లేకపోతే ఆర్డర్ లేదు.

తర్వాత ఆ కార్డులు చెక్క బోర్డు మీద, సరుకు రావలసిన తేదీ కింద మేకుకి తగిలించాలి. తేదీ దాటినా మేకుకే వేలాడుతున్న కార్డు కనిపిస్తే డీలర్‌కి ఫోన్ చేయాలన్నమాట. షెడ్డులో ఎవరు చూసినా తెలుస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు.

డీలర్ కనీస ఆర్డర్ షరతు పెడితే (5 బాక్సులకి తక్కువైతే పంపడు), ఆ డీలర్‌వి 5 కార్డులు చేరే దాకా ఆగండి. కానీ అలా ఆగే రోజుల్ని 2వ మెట్టు లెక్కలో కలపాలి.

8. సరుకు దిగినప్పుడు

లెక్క చూసి, బోర్డు మీది కార్డు తీసి, బాక్సుకి కట్టి, ర్యాకెక్కించాలి. కార్డు లేని బాక్సు ర్యాకెక్కకూడదు. ఐదు అడిగితే మూడే వచ్చాయా? మూడు కార్డులే కట్టండి, మిగతా రెండూ కొత్త తేదీ మేకుకి మార్చండి. అడక్కుండా ఎక్కువ పంపితే వెనక్కి పంపండి, లేదా ర్యాకు బయట విడిగా పెట్టండి.

9. చెడ్డ పీసుకి ఎర్ర ట్రే

దారం తెగితే మగ్గం దానంతటదే ఆగిపోయేలా కీచీరో తండ్రి సకీచీ టయోడా 1924లోనే యంత్రం చేశాడు. కార్ల కంపెనీలో పనివాడు తాడు లాగితే లైను ఆగే పద్ధతికి మూలం అదే. మీ దగ్గర తాడు అక్కర్లేదు, ఒక ఎర్ర ట్రే చాలు. బిగించగానే మోత పెట్టే కాంటాక్టరు, పళ్లు పోయిన స్క్రూ ట్రేలోకి వెళ్లాలి, తిరిగి బాక్సులోకి కాదు. ఒకే లోపం ఒకే బాక్సులో రెండుసార్లు వస్తే ఆ బాక్సు పక్కన పెట్టి డీలర్‌కి చెప్పండి.

తప్పు సరుకుదా, మీ పనిదా అన్నది తేల్చడానికి "ఎందుకు?" అని అడుగుతూ వెళ్లండి. లగ్గు ఊడుతోంది. ఎందుకు? నొక్కు సరిగా పడలేదు. ఎందుకు? 2.5 సైజు లగ్గుని 4 సైజు టూల్ గాడిలో పెట్టి నొక్కారు. ఎందుకు? రెండు టూల్స్ ఒకే మేకుకి వేలాడుతున్నాయి, చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. ఒకదాని పిడికి పసుపు పెయింటు వేస్తే సరిపోయింది. అదే ప్రశ్న "ఎవరు?" అని మొదలుపెడితే మర్నాటి నుంచి ఎర్ర ట్రే ఖాళీగానే ఉంటుంది, చెడ్డ పీసులు మాత్రం ప్యానెళ్లలోకి వెళ్తాయి.

చెడ్డ పీసులు వస్తున్నాయని కార్డులు పెంచకండి. లోపం సరుకు గుట్ట కింద దాక్కుంటుంది.

సరిగ్గా నడుస్తోందా? ఇలా చూడండి

ప్రతి శనివారం ఒక వస్తువు తీసుకుని కార్డులు లెక్కపెట్టండి: ర్యాకు మీద + రేకు డబ్బాలో + బోర్డు మీద = 8. ఏడే ఉంటే ఎన్నో నంబరు పోయిందో చూసి ఆ రోజే కొత్తది రాయండి. పోయిన కార్డంటే ఎప్పటికీ ఆర్డర్ వెళ్లని బాక్సు. తొమ్మిది ఉంటే పాతది దొరికినా కొత్తది చింపలేదని అర్థం.

నెలకి ఒకసారి రెండు అంకెలు రాయండి. ఒకటి, సరుకు లేక పని ఆగిన సార్లు. రెండు, ఆ ఐదు వస్తువుల నిల్వ విలువ రూపాయల్లో, ఎప్పుడూ ఒకే తేదీన, ఒకే వేళకి. పని ఆగకుండా నిల్వ విలువ తగ్గుతుంటే బాగా నడుస్తున్నట్టు. నిల్వ తగ్గి పని ఆగుతుంటే కార్డులు తక్కువయ్యాయి. రెండూ మారకపోతే కార్డులు అలంకారానికి ఉన్నాయి, ఆర్డర్లు పాత పద్ధతిలోనే ఫోన్‌లో వెళ్తున్నాయి.

పని ఆగినప్పుడు వెంటనే కార్డు పెంచకండి. కార్డు ఎక్కడైనా ఇరుక్కుందా, డీలర్ ఆలస్యం చేశాడా, వాడకం నిజంగానే పెరిగిందా అని ఈ వరసలోనే చూడండి. మొదటిదైతే మనుషుల అలవాటు సరిచేయాలి. రెండోది ఒకసారి జరిగితే వదిలేయండి, మళ్లీ మళ్లీ జరిగితే లెక్కలో రోజులు పెంచండి. మూడోదైతేనే కొత్త కార్డు.

నాలుగు వారాలు వరసగా ర్యాకు మీద రెండు నిండు బాక్సులకి తగ్గకపోతే ఒక కార్డు తీసేయండి. కాంటాక్టరు 900 రూపాయలు అనుకుంటే ఒక కార్డు తీయడమంటే 9,000 రూపాయలు చేతికి రావడమే. ఒకేసారి మూడు తీయొద్దు. ఒకటి తీసి మళ్లీ నాలుగు వారాలు చూడండి.

డిస్కౌంట్ వస్తే వదులుకోవాలా?

"ఎక్కువ తీసుకుంటే 5 శాతం తగ్గిస్తాం" అని డీలర్ అంటే ఏం చేయాలన్నది తరచూ వచ్చే ప్రశ్న. పుస్తకాల ప్రకారం వద్దనాలి. కానీ లెక్క వేసి చూసుకోవడమే మంచిది. 60,000 రూపాయల అదనపు సరుకు తీసుకుంటే మిగిలేది 3,000. ఆ సరుకు ఆరు నెలల్లో కొద్దికొద్దిగా అయిపోతే, సగటున డబ్బు మూడు నెలలు ఇరుక్కున్నట్టు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బైతే వడ్డీ 3,600. అంటే నష్టమే. బ్యాంకు ఓడీలో (ఓవర్‌డ్రాఫ్ట్) నెలకి ఒక శాతం పడితే వడ్డీ 1,800, అంటే లాభమే. తీసుకున్నా ఆ సరుకుని ర్యాకు మీద కలపకండి. తాళం వేసిన గదిలో పెట్టి, కార్డు వచ్చినప్పుడు డీలర్‌కి బదులు ఆ గది నుంచి తెచ్చుకోండి.

ఈ పద్ధతి ఎక్కడ దెబ్బతింటుంది?

ఒకే చోట దొరికే సరుకు దగ్గర. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని కరియాలో, టయోటాకి విడిభాగాలు ఇచ్చే ఐసిన్ కంపెనీ ఫ్యాక్టరీ తగలబడింది. టయోటా బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు అంతా అక్కడే తయారయ్యేది. చేతిలో నిల్వ గంటల లెక్కలోనే ఉండటంతో జపాన్‌లోని టయోటా ప్లాంట్లు రోజుల తరబడి ఆగిపోయాయి. 2011 భూకంపం తర్వాత సెమీకండక్టర్ చిప్పుల విషయంలో టయోటా దారి మార్చుకుంది, సరఫరాదారులు 2 నుంచి 6 నెలల నిల్వ ఉంచాలని కోరింది. కాబట్టి ఒకే డీలర్ దగ్గర దొరికే వస్తువుకి కార్డులతో సంబంధం లేకుండా కొంత నిల్వ తాళం గదిలో పెట్టుకోండి. ఆరు నెలలకోసారి దాన్ని ర్యాకు మీది సరుకుతో మార్చుతూ ఉండండి.

ఇంకొకటి సీజన్. వేసవిలో బోర్లు పడే రోజుల్లో రోజుకు 12 ప్యానెళ్లు కాస్తా 18 అయితే, 18 × 5 × 1.2 ÷ 10 = 10.8, అంటే 11 కార్డులు కావాలి. అదనపు మూడింటినీ వేరే రంగులో, మీద చివరి తేదీ రాసి, సీజన్‌కి రెండు వారాల ముందు రేకు డబ్బాలో వేయండి. ఆ తేదీ తర్వాత రేకు డబ్బాలోకి వచ్చిన సీజన్ కార్డుని ఆర్డర్‌కి పంపకుండా అక్కడే తీసి పక్కన పెట్టాలి. దీన్ని స్టోర్ మనిషికి ముందే చెప్పి, చివరి తేదీని క్యాలెండర్ మీద కూడా రాయించండి. లేకపోతే వర్షాకాలంలో సీజన్ సరుకు ర్యాకు మీదే కూర్చుంటుంది.

మొదటి ఐదు వస్తువులూ రెండు నెలలు కుదురుగా నడిచాకే ఆరోది మొదలుపెట్టండి.